కొండమేకలు: తరలింపా, తుపాకీయా?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ నేషనల్ పార్క్ కొండమేకల సొంత చోటు కాదు. 1920లలో వేట కోసం తెచ్చి వదిలారు. అక్కడ సహజంగా ఉప్పు దొరికే చోట్లు లేవు. అందుకే నడిచే వాళ్ల చెమట, మూత్రం కోసం వెంటపడేవి. 2010లో ఒక మేక ఒక మనిషిని పొడిచి చంపింది కూడా.

తరలింపు: 2018 నుంచి 2020 దాకా 325 మేకల్ని అదే రాష్ట్రంలోని క్యాస్కేడ్ కొండలకు చేర్చారు. కళ్లకు గంతలు కట్టి, హెలికాప్టర్ కింద వేలాడదీసి తెచ్చి, చల్లటి ట్రక్కుల్లో పంపేవారు. ఖర్చు ఎక్కువ. పట్టేటప్పుడే కొన్ని చచ్చిపోతాయి. కానీ క్యాస్కేడ్స్ వాటి సొంత నేల, పాత రోజుల్లో వేట మితిమీరి అక్కడ మందలు తగ్గిపోయాయి.

కాల్చడం: ఖర్చు తక్కువ, నిటారు బండల మీద పట్టుకోలేని మేకలకు ఇదొక్కటే దారి. చూడటానికి మాత్రం మనసు ఒప్పదు.

ఇక వేట పర్మిట్లు. వాషింగ్టన్ రాష్ట్రంలో వీటిని లాటరీలో ఇస్తారు. ఆడమేకకూ కొమ్ములుంటాయి, దూరం నుంచి మగదో ఆడదో తెలియడం కష్టం. ఆడమేక మొదటి పిల్లను పెట్టేసరికి సాధారణంగా నాలుగైదేళ్లు పడుతుంది. చిన్న మందలో రెండు ఆడవాటిని కాల్చినా ఆ లోటు ఏళ్లతరబడి తీరదు.

నా లెక్కలో, బయటి నుంచి తెచ్చిన మేకలైతే ముందు తరలింపు, అందనివాటికి తుపాకీ. సొంత నేలలోని చిన్న మందకైతే పర్మిట్లు ఆపేయాలి.