బ్లాక్ స్టడీస్ వాళ్ల కార్యక్రమాలు: ముందు వరసలో కూర్చోండి

మా యూనివర్సిటీలో నల్లజాతివాళ్ల చరిత్ర, సంస్కృతి నేర్పే బ్లాక్ స్టడీస్ విభాగం కార్యక్రమాలకి ఆ సబ్జెక్టు చదవనివాళ్లూ నిక్షేపంగా వెళ్లొచ్చు. ఫిబ్రవరిలో, బ్లాక్ హిస్టరీ మంత్‌కి, హడావుడి ఎక్కువ. నాకైతే జూన్‌టీన్త్ సభే నచ్చింది, అమెరికాలో బానిసత్వం ముగిసిన గుర్తుగా జరుపుకునే రోజు అది. 1865 జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో జారీ అయిన విముక్తి ఉత్తర్వును ఊళ్లోని ఓ పెద్దావిడ చదివారు. బానిసలందరూ స్వతంత్రులే అన్న చోట ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. ప్రొఫెసర్లకంటే ఊరివాళ్లే ఎక్కువ మాట్లాడారు. బ్లాక్ స్టడీస్ అంటే 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీ విద్యార్థులు సమ్మెకి దిగి సాధించుకున్న చదువు కదా, క్లాసురూములో ఎందుకు కూర్చుంటుంది! తర్వాత బార్బెక్యూ, ఎర్ర సోడా. మైకు మాత్రం దారుణం, వెనక్కి సగం మాటలే వినబడ్డాయి. పార్కింగ్ సంగతి అడక్కండి. ఎంట్రీ ఉచితం.