సీటు నుంచి కమోడ్ దాకా: మూత్రం ఆగనివాళ్లతో ప్రయాణం, బస

ఊరెళ్దాం అనగానే ఇంట్లో పెద్దవాళ్లు "నాకెందుకులే, మీరు వెళ్లి రండి" అంటే మోకాళ్ల నొప్పులే కారణం అనుకుంటాం. చాలామందికి అసలు భయం వేరే ఉంటుంది. దగ్గితే చుక్కలు పడతాయి, అర్జెంటు వచ్చిందంటే బాత్రూమ్ దాకా ఆగదు, పదిమందిలో బట్టలు తడిస్తే ఎలా అన్న బెంగ. కాన్పులయ్యాక ముప్ఫైల్లో, నలభైల్లో ఉన్న ఆడవాళ్లలోనూ ఈ ఇబ్బంది చాలామందికి ఉంది, వాళ్లూ నోరు విప్పరు. ఇంతమాత్రానికే ప్రయాణాలు మానుకోనక్కర్లేదు. బండి, సీటు, గది ఏది ఎంచుకోవాలన్నా ఒకే లెక్క చూడాలి: అర్జెంటు అనిపించాక ఆ మనిషి ఎన్ని నిమిషాలు ఆపుకోగలరు, అక్కడినుంచి కమోడ్ మీద కూర్చునేసరికి ఎన్ని నిమిషాలు పడుతుంది.

మొదటి అంకె తెలియాలంటే బయల్దేరే ముందు వారంలో మూడు రోజులు ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఏం తాగారు, ఎంత తాగారు, ఎన్నింటికి బాత్రూమ్‌కి వెళ్లారు, అర్జెంటు అనిపించాక ఎన్ని నిమిషాలు ఆగగలిగారు, గీతలున్న మగ్గులో పడితే ఎన్ని మిల్లీలీటర్లు, మధ్యలో తడిసిందా, తడిసినప్పుడు ఏం చేస్తున్నారు. పెద్దల మూత్రాశయం మామూలుగా 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. ప్రతిసారీ 100, 120 దగ్గరే పరుగెత్తాల్సి వస్తుంటే అది అర్జెంటు రకం. దగ్గినప్పుడు, మెట్లెక్కేటప్పుడు, సామాను ఎత్తినప్పుడు మాత్రమే కారుతుంటే మూత్రాన్ని పట్టి ఉంచే కింది కండరాల బలహీనత. వీళ్లకు టాయిలెట్ దూరం అంత పెద్ద సమస్య కాదు, సన్నటి ప్యాడ్‌తో ప్రయాణం గడిచిపోతుంది. రాసినదాంట్లో సగటు చూడకండి. రెండుసార్ల మధ్య అన్నిటికన్నా తక్కువ వ్యవధి ఏదో అదే బండి ఎంతసేపటికోసారి ఆగాలో చెప్పే కొలత.

ఆ కాగితంలో ఒకటి కనిపిస్తే మాత్రం టికెట్ల కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎంతసేపు కూర్చున్నా ఖాళీ అయినట్టు లేకపోవడం, రోజంతా చుక్కచుక్కగా కారుతూనే ఉండటం మూత్రాశయం నిండిపోయి పొర్లుతోందనడానికి గుర్తు. దానికి డైపర్ తొడిగి ఊరుకోకూడదు. మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి అయోమయం, కాళ్లలో తిమ్మిరితోపాటు కొత్తగా మొదలైన కారుడు కూడా అంతే, వాయిదా వేసే విషయాలు కావు.

ఇక బండ్లు. మా లెక్కలో సొంత కారు మొదటిది, తర్వాత రైలు, తర్వాత విమానం, చిట్టచివర బస్సు.

కారులో బండి ఆపడం మన చేతిలో ఉంటుంది. పెద్దవాళ్లు అడిగేదాకా చూడకుండా కనీసం రెండు గంటలకోసారి ఆపేయాలి, ఎందుకంటే చాలామంది అడగరు, బిగబట్టుకుని కూర్చుంటారు. సీటు మీద అండర్‌ప్యాడ్ (తడి పీల్చే షీటు) ప్లాస్టిక్ వైపు కిందికి ఉండేలా పరిచి పైన ముదురు రంగు తువ్వాలు వేస్తే ఎవరికీ కనబడదు. రోడ్డు మధ్యలో ట్రాఫిక్ ఆగిపోతే ఆడవాళ్ల కోసం చేసిన వెడల్పు మూతి యూరినల్ ఆదుకుంటుంది. దీన్ని వాడటంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కారు సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆనుకుని కూర్చుంటే మూత్రం సీసాలోకి పోకుండా వెనక్కి పారుతుంది. సీటు అంచుకి జరిగి, మోకాళ్లు ఎడం చేసి, సీసా నడుము కంటే కిందికి ఉంచాలి. ఇంట్లో బాత్రూమ్‌లో ఒకటి రెండుసార్లు అలవాటు చేసుకోకుండా దారిలో మొదటిసారి ప్రయత్నిస్తే కుదరదు.

రైల్లో లేచి నడవొచ్చు, పెట్టెలోనే టాయిలెట్ ఉంటుంది. కింది బెర్తే కావాలి. తలుపు పక్కనే వద్దు, రాత్రంతా తలుపు చప్పుడు, జనం. పెట్టె మధ్యలో కూడా వద్దు, జనాల కాళ్లూ సామాన్లూ దాటేసరికి ఆలస్యమవుతుంది. టాయిలెట్ నుంచి మూడో, నాలుగో వరుస అనుకూలం. లోపల ఒక చెయ్యి కడ్డీ పట్టుకునే ఉండాలి, కాబట్టి బట్టలు ఒంటిచేత్తో దిగేవై ఉండాలి. బొందు ముడి, వరస గుండీలు ఉంటే సగం ప్రమాదాలు టాయిలెట్ తలుపు వేశాకే జరుగుతాయి. ఎలాస్టిక్ నడుము వేసుకోండి. సీటు మురికిగా ఉందని ఆడవాళ్లు దాన్ని ఆనుకోకుండా గాల్లోనే కూర్చున్నట్టు నిలబడతారు. అలా తొడలు బిగిస్తే కింది కండరాలు పూర్తిగా వదులవవు, కొంత మూత్రం లోపలే ఉండిపోయి అరగంటకే మళ్లీ వస్తుంది. తుడిచి, కాగితం కవర్ వేసి పూర్తిగా కూర్చోవడమే మేలు.

విమానంలో లేవడానికి వీల్లేని సమయాలు మూడు: ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు, నడవలో తిండి బండి నిలిపినప్పుడు. ఎక్కే ముందు ఒకసారి, దిగడానికి నలభై నిమిషాల ముందు ఒకసారి వెళ్లొస్తే బెల్టు దీపం వెలిగినా కంగారుండదు. నడవ వైపు సీటు తప్పనిసరి. వీల్‌చైర్ సేవను టికెట్ తీసుకున్నప్పుడే అడగాలి. మంచి సేవే, కానీ తోసుకొచ్చేవాళ్లు గేటు దగ్గర దించేసి వెళ్లిపోతే మళ్లీ టాయిలెట్‌కి తీసుకెళ్లేవాళ్లుండరు. అందుకే బయల్దేరగానే "గేటుకంటే ముందు టాయిలెట్ దగ్గర ఆపండి" అని చెప్పేయండి. వికలాంగుల టాయిలెట్‌లో చోటెక్కువ కాబట్టి ప్యాడ్ అక్కడే మార్చాలి. విమానంలోని టాయిలెట్‌లో ఇద్దరు నిలబడటమే కష్టం, పైగా సిబ్బంది తలుపు దాకే సాయం చేస్తారు, లోపలికి రారు. తనిఖీ యంత్రంలో డైపర్ మందంగా కనబడి ఆపితే కంగారు పడక్కర్లేదు, విడిగా గదిలో చూడమని అడగొచ్చు. యూరిన్ బ్యాగ్ ఉన్నవాళ్లు తనిఖీకి ముందే ఖాళీ చేసుకోవాలి.

బస్సు తప్పనిసరైతే ఎక్కే ముందే డ్రైవర్ని అడగండి, ఎక్కడెక్కడ ఆపుతారు, ఎంతసేపు. మీ కాగితంలోని వ్యవధి కంటే ఆపే వ్యవధి ఎక్కువైతే ఆ బస్సు వద్దు. లోపలే టాయిలెట్ ఉన్న బస్సు కూడా పెద్దవాళ్లకు నమ్మకం కాదు, కదిలే బస్సులో ఇరుకు మెట్లు దిగి వెళ్లడం మూత్రం కారడం కంటే పెద్ద ప్రమాదం. సీటు వెనక్కి వాల్చి పడుకుంటే తడి నడుము వైపు పారుతుంది, అందుకే వెనక పొడుగ్గా ఉండే ప్యాడ్ కావాలి.

ప్యాడ్ విషయంలో డబ్బులు, పరువు రెండూ ఎక్కువగా పోయేది తప్పు సరుకు వల్లే. నెలసరి ప్యాడ్ నెమ్మదిగా వచ్చే రక్తం కోసం చేసింది, ఒక్కసారిగా వచ్చే మూత్రాన్ని అంత వేగంగా పీల్చలేదు. ప్యాకెట్ మీద రాసిన మిల్లీలీటర్లు ప్రయోగశాలలో ద్రవంలో నానబెట్టి కొలిచినవి. మనిషి కూర్చుని బరువు పడితే ఆపే మొత్తం చాలా తక్కువ. ఇంకో పొరపాటు, డైపర్ లోపల మామూలు ప్యాడ్ ఒకటి అదనంగా పెట్టడం. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది నిండాక తడి కిందికి దిగలేక పక్కలకు పొర్లుతుంది, కింద డైపర్ పొడిగానే ఉంటుంది. అదనంగా పెట్టాల్సింది వెనక ప్లాస్టిక్ లేని బూస్టర్ ప్యాడ్. నిండితే మిగతాది డైపర్‌లోకి దిగుతుంది. ప్రయాణంలో దీనికి మించిన సౌకర్యం లేదు, బూస్టర్ ఒక్కటే లాగేసి మార్చుకోవచ్చు, చెప్పులు, ప్యాంటు పూర్తిగా విప్పే పనుండదు.

పెట్టుకునే తీరు కూడా ముఖ్యమే. ప్యాకెట్లోంచి తీసిన ప్యాడ్‌ని నిలువుగా మధ్యకు మడిచి రెండు చేతుల్తో కాస్త లాగి వదిలితే పడవలా వంపు తిరుగుతుంది, అంచుల్లోని ఎలాస్టిక్ గోడలు లేచి నిలబడతాయి. ఆ గోడలే పక్కలకు కారకుండా ఆపేవి. వాటిని లోపలికి నొక్కేసినట్టు పెడితే ఎంత ఖరీదైనదైనా తొడల దగ్గర కారుతుంది. ముందునుంచి వెనక్కే పెట్టాలి, ముందునుంచి వెనక్కే తీయాలి. ప్యాంటు రకం డైపర్ తీసేటప్పుడు కిందికి లాగొద్దు, రెండు పక్కలా కుట్టు చింపేస్తే విడిపోతుంది. చుట్టచుట్టి కవర్లో వెయ్యండి, కమోడ్‌లో పడేస్తే అడ్డుపడుతుంది.

సామాను సర్దేటప్పుడు ఒక్కో మార్పుకి ఒక్కో జిప్ కవర్ కట్టుకోండి: ఒక ప్యాడ్, ఒక లోదుస్తు, నాలుగైదు తడి టిష్యూలు (వెట్ వైప్స్), లోపలిది కనబడని నల్ల కవర్. ఇరుకు టాయిలెట్‌లో పెద్ద బ్యాగ్ వెతుక్కోనక్కర్లేదు. మొదటి ఇరవై నాలుగు గంటలకు సరిపడేవి చేతిసంచిలోనే ఉండాలి, పెట్టెలు ఆలస్యమైతే అవే దిక్కు. తడిసిన చర్మాన్ని రుద్దకుండా అద్ది ఆరబెట్టి జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయాలి. మందంగా పూస్తే అది ప్యాడ్‌కి అంటుకుని పీల్చే శక్తిని తగ్గిస్తుంది.

నీళ్లు మానేయడం అందరూ చేసే తప్పు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా గీరుతుంది, మలబద్ధకం వస్తుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. కాఫీ, టీ, గ్యాస్ డ్రింకులు తగ్గించి, నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూనే ఉండండి. ఫ్యూరోసెమైడ్ లాంటి నీటి మాత్ర గంటలోపే మొదలై ఆరు గంటల దాకా పనిచేస్తుంది, ప్రయాణం రోజు ఎన్నింటికి వేసుకోవాలో డాక్టర్ని అడిగి మార్చుకోండి, సొంతంగా మానకండి. అర్జెంటు తగ్గించే ఆక్సీబ్యుటినిన్ లాంటి మందుని ప్రయాణం ముందురోజు కొత్తగా మొదలుపెట్టొద్దు, పెద్దవాళ్లలో నోరు ఎండటం, మలబద్ధకం, అయోమయం తెస్తుంది. రోజంతా కూర్చుంటే కాళ్లలో చేరిన నీరు రాత్రి పడుకోగానే మూత్రమై నాలుగైదుసార్లు లేపుతుంది. దిగాక సాయంత్రమే ఒక గంట కాళ్లు ఎత్తుపెట్టి పడుకుంటే ఆ నీరు నిద్రకు ముందే పోతుంది.

అర్జెంటు వచ్చినప్పుడు పరుగెత్తడం వల్లే చాలామందికి తలుపు దగ్గర కారిపోతుంది. ఆగాలి, వీలైతే కూర్చోవాలి. మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాలను అయిదారుసార్లు గబగబా బిగించి వదలాలి. ఆ అల తగ్గాక నెమ్మదిగా నడవాలి. పెట్టె ఎత్తే ముందు, దగ్గే ముందు ఒక్కసారి బిగించినా చుక్కలు తగ్గుతాయి. ఈ బిగింపులే రోజుకు మూడుసార్లు, సారికి ఎనిమిది చొప్పున చేస్తే ఫలితం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. వచ్చే వారం ప్రయాణానికి అవి పనికిరావని మానేయకండి, తర్వాతి ప్రయాణానికి పనికొస్తాయి.

పైకి కనబడని ఇబ్బంది ఉన్నవాళ్లకి సాయంగా 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడు పువ్వు మెడపట్టీ (సిబ్బంది చూసి గుర్తుపట్టేందుకు మెడలో వేసుకునేది) ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో ఉంది, అడిగితే ఇస్తారు. బ్రిటన్‌లో రాడార్ తాళంచెవి ఒకటుంటే వేల వికలాంగుల టాయిలెట్లు తెరుచుకుంటాయి, పడుకోబెట్టి మార్చాల్సినవాళ్లకి పెద్దల బల్ల ఉండే చేంజింగ్ ప్లేసెస్ గదులున్నాయి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే దేశంలోని టాయిలెట్ల పటం నడుపుతోంది. మిగతాచోట్ల పెద్ద ఆసుపత్రుల కింది అంతస్తు, పెద్ద మాల్స్ నమ్మకమైనవి.

గది విషయంలో చుట్టాలింట్లో ఉమ్మడి బాత్రూమ్ కంటే అటాచ్‌డ్ బాత్రూమ్ ఉన్న చిన్న లాడ్జి మేలు. చుట్టాలు నొచ్చుకుంటారేమో, కానీ రాత్రి మూడుసార్లు హాల్లో అందరినీ దాటి వెళ్లాలంటే పెద్దవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు. ఫోన్లో "వసతులు ఎలా ఉన్నాయి" అని అడిగితే బాగున్నాయంటారు. ఇలా అడగండి: మంచం నుంచి కమోడ్‌కి ఎన్ని అడుగులు, గుమ్మం దగ్గర మెట్టుందా, పక్కన పట్టుకునే కడ్డీ ఉందా, గడియ బయటినుంచి తీయొచ్చా. వీల్‌చైర్ ఉంటే తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లన్నా కావాలి. కమోడ్ ఎత్తు 43 నుంచి 48 సెంటీమీటర్లుంటే మోకాళ్లు అరిగినవాళ్లు లేవగలరు. తక్కువైతే మడిచే కమోడ్ కుర్చీ తీసుకెళ్లండి, రాత్రి మంచం పక్కనే వేస్తే దూరం లెక్కే ఉండదు. అదనపు దుప్పట్లు, మూతున్న చెత్తబుట్ట చేరగానే అడిగేయండి. పరుపు మీద మీ అండర్‌ప్యాడ్ నడుము కింద పడేలా పరచండి.

మతిమరుపు ఉన్నవాళ్లకు కొత్త గదిలో మొదటి రాత్రే కష్టం, లేచి అల్మారా తలుపు తీస్తారు. నిద్రకు ముందు చెయ్యి పట్టుకుని మంచం నుంచి కమోడ్ దాకా రెండుసార్లు నడిపించండి. దారిలో చెప్పులు, పెట్టెలు, కాలికి చుట్టుకునే చాపలు తీసేయండి. బాత్రూమ్ లైటు వేసి, తలుపు బార్లా తీసి, మీరే ఒకసారి వాళ్ల దిండు మీద తల పెట్టి చూడండి. అక్కడినుంచి కమోడ్ కనబడకపోతే మంచం తిప్పించండి.