మారిషస్‌లో తాళింపుకి జరిమానా

మారిషస్ అనగానే మనవాళ్లకి హనీమూన్ ప్యాకేజీయే గుర్తొస్తుంది. అలా వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలన్నీ ఒకే హోటల్లో తీసినట్టుంటాయి కూడా. మేం వెళ్లింది మాత్రం మా అత్తయ్యతో, ఇంటర్‌లో చేరిన మా అబ్బాయితో, క్రిస్మస్ సెలవుల్లో. దేశం బ్రహ్మాండంగా ఉంది. బస విషయంలోనే ఒళ్లు మండిపోయింది, ముందు అది చెప్పేస్తే గానీ మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

అత్తయ్య బయట గుడ్డు వాసన తగిలినా తినరు. అందుకని రిసార్టు వద్దనుకుని, పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో వంటగది ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు తీసుకున్నాం. రాత్రికి 3,600 మారిషస్ రూపాయలు. వాళ్ల రూపాయి మనకి రెండు రూపాయలకి కాస్త తక్కువ, కాబట్టి దాదాపు ఏడు వేలు. విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది, అక్కణ్ణించి టాక్సీ 2,000 (ఇకపై లెక్కలన్నీ వాళ్ల రూపాయల్లోనే). మీటరు మాట మర్చిపోండి, ఎక్కకముందే బేరం తేల్చుకోవాలి.

తాళం చేతికివ్వడానికి వచ్చిన మేనేజరు ముందు 5,000 డిపాజిట్ కట్టించుకున్నాడు. తర్వాత ఏసీ రిమోట్లు తన దగ్గరే ఉంటాయనీ, కావాలంటే గదికి రాత్రికి 300 అనీ చెప్పాడు. డిసెంబరంటే అక్కడ నడివేసవి. రాత్రి పదింటికి కూడా గోడలు వేడిగా ఉన్నాయి. రెండు గదులకీ కట్టాం. మా ఆయన అప్పటికే మౌనవ్రతంలోకి వెళ్లిపోయాడు, ఈ ఫ్లాటు వెతికింది నేను కాబట్టి.

మర్నాడు అత్తయ్య పప్పుచారు పెట్టారు. ఆవాలు, ఎండుమిరపకాయలు, హైదరాబాద్ నుంచి మోసుకెళ్లిన ఇంగువ, చిన్న గరిటెడు నూనెలో. చారు ఇంకా పొంగనే లేదు, మేనేజరు తలుపు కొట్టాడు. పక్క ఫ్లాటువాళ్లు ఫిర్యాదు చేశారట. "ఇక్కడ వేడి చేసుకోవచ్చు, వండకూడదు" అన్నాడు. నాలుగు పొయ్యిల గ్యాస్ స్టవ్ దేనికి పెట్టారయ్యా అంటే, అది కాఫీకీ పాస్తాకీనట! ఖాళీ చేసే రోజు డిపాజిట్లో 1,500 కోసి, రసీదు మీద "వాసన తొలగింపు" అని రాసిచ్చాడు. కర్టెన్లు ఉతికించాలట.

డబ్బు కంటే, అత్తయ్య ఆ మిగతా రోజులన్నీ స్టవ్ జోలికి వెళ్లకుండా పెరుగూ అటుకులతో సరిపెట్టుకోవడం నాకు కడుపు మండించింది. ఆ దేశంలో ఏ సంతలో చూసినా కరివేపాకు కట్టలు కట్టలుగా అమ్ముతారు, జనాభాలో మూడింట రెండొంతుల మంది మూలాలు మన దేశంలోవే. వాళ్ల గడ్డ మీద తాళింపుకి జరిమానా ఏమిటి?

అత్తయ్య మొహం మళ్లీ వెలిగింది ధోల్‌పూరీ బండి దగ్గర. రాజధాని పోర్ట్ లూయీలో సెంట్రల్ మార్కెట్టు బయట, మధ్యాహ్నం పన్నెండు కాకుండానే వరస పెద్దదైపోయింది. ఉడికించి పొడి చేసిన పప్పు లోపల పెట్టి పల్చగా వత్తిన రొట్టె అది, బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి, కాకపోతే రుమాలంత పెద్దది, అంత మెత్తనిది. జతగానే ఇస్తారు. బండి అతను గుడ్డలో చుట్టిపెట్టిన దొంతరలోంచి రెండు లాగి, కాగితం మీద పరిచి, పెద్ద బీన్స్ కూర ఒక చెంచా, రుగాయ్ అనే టమాటా గుజ్జు కూర ఒక చెంచా, పచ్చడి కాస్త రాసి, కారం వేయనా అని కళ్లతోనే అడిగి, చుట్టచుట్టి చేతిలో పెట్టేదాకా పది సెకన్లు పట్టి ఉంటుంది. జత 50 రూపాయలు. అత్తయ్య నిలబడి రెండు జతలు తిన్నారు. నూనె కారుతుంది, చీర జాగ్రత్త. పైన అలూదా తాగాలి: సబ్జా గింజలు, జెల్లీ ముక్కలు వేసిన చల్లటి పాలు. మావాడు బాటిల్ నిండా పోయించుకున్నాడు. మన పప్పువడలాంటి గాతో పిమా కూడా దొరుకుతుంది, కానీ అది పొద్దున్నే తినాలి, మధ్యాహ్నానికి రాయైపోతుంది.

అక్కణ్ణించి నడిచివెళ్లేంత దూరంలో ఆప్రవాసీ ఘాట్. టికెట్టు లేదు. 1834 నుంచి 1920 దాకా చెరకు తోటల్లో పనికోసం మన దేశం నుంచి తెచ్చిన దాదాపు ఐదు లక్షల మందిలో చాలామంది దిగింది ఇక్కడే. 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు: ఓడ దిగినవాళ్లు ఎక్కిన నల్లరాతి మెట్లు, కొన్ని గోడలు, పక్కన మంచి మ్యూజియం. మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి కూడా ఓడలు వచ్చాయి, అందుకే ఇక్కడి పాతతరం తెలుగువాళ్లని కోరింగీలనేవారు. ఉగాది ఈ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఇక్కడే.

ఇదంతా నేను బస్సులో అత్తయ్యకి వివరిస్తుంటే ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగారు. తెలుగు మాట్లాడటం రాదు, కొన్ని మాటలు అర్థమవుతాయట. వాళ్లింట్లో ఏటా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారని ఇంగ్లీషులో చెప్పారు. అత్తయ్యది విశాఖ. సింహాచలంలో చందనోత్సవం గురించి ఈవిడ తెలుగులో, వాళ్లింటి భజనల గురించి ఆవిడ అక్కడి వాడుక భాష క్రియోల్లో, దిగాల్సిన స్టాపు దాటిపోయేదాకా మాట్లాడుకున్నారు. నేను దుబాసీ పని చేయబోతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు.

బస్సుల గురించి ఒక మాట. ఎవరూ చెప్పరు గానీ, మారిషస్ తిరగడానికి ఇదే పద్ధతి. దీవి పొడవు 65 కిలోమీటర్లే, దాదాపు ప్రతి ఊరికీ బస్సుంది. టాక్సీవాడు రోజుకి 3,500 అడిగిన చోట మేం నలుగురం 200 లోపే వెళ్లొచ్చాం. సాయంత్రం ఆరు తర్వాత మాత్రం నమ్ముకోకండి. అరవై దాటినవాళ్లకి బస్సు ఉచితం అని తెలిసి అత్తయ్య ఆధార్ కార్డు తీశారు. ఆ సదుపాయం వాళ్ల పౌరులకేనని కండక్టరు నవ్వుతూ చెప్పి టికెట్టు కొట్టాడు.

చామరెల్ ఏడు రంగుల నేల గురించి నిజం చెప్పాలి. నలుగురికీ ప్రవేశమే రెండు వేలు దాటింది. అగ్నిపర్వతపు రాయి శిథిలమై మట్టిగా మారి, అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఎరుపు, గోధుమ, ఊదా చారలు తేలాయి. అద్భుతమే, కానీ చిన్న మైదానమంత కూడా ఉండదు, కంచె అవతల నుంచే చూడాలి. పైగా మేం వెళ్లేసరికి మబ్బు. "మా భీమిలి ఎర్రమట్టి దిబ్బల మీద చిన్నప్పుడు ఎక్కి జారేవాళ్లం" అన్నారు అత్తయ్య. దారిలో కనిపించే జలపాతం మాత్రం వదులుకోకండి. అటు నుంచి దిగుతుంటే ల మోర్న్ కొండ కనబడుతుంది, 556 మీటర్ల నల్లరాతి గోడ. తోటల నుంచి పారిపోయిన బానిసలు దాని మీద తలదాచుకున్నారు. పోస్టర్లలో కనిపించే అందాల వెనక అంత దుఃఖం ఉందని మావాడికి అక్కడే తట్టినట్టుంది, ఫోన్ జేబులో పెట్టేసి చాలాసేపు చూశాడు.

ఇల్ ఓ సెర్ఫ్ దీవి గురించి అందరూ ఊదరగొడతారు. రేవులో ఏజెంట్లు చుట్టుముట్టి జలపాతం, బార్బెక్యూ, అన్నీ కలిపి మనిషికి 2,000 అన్నారు. శాకాహారం ఉందా అంటే "సలాడ్ ఉంది" అన్నాడొకడు. రానుపోను పడవ ఒక్కటే మనిషికి 500కి మాట్లాడుకుని వెళ్లాం. నీళ్లు అందమే, కానీ జనం మరీ ఎక్కువ. దానికంటే బ్లూ బే తీరం నూరు రెట్లు మేలు. అదే 500కి అడుగున అద్దమున్న పడవలో గంటసేపు పగడాలు చూపించాడు. చుట్టూ పగడపు గోడ ఉండబట్టి తీరమంతా నీళ్లు చెరువులా ఉంటాయి. దక్షిణాన గ్రీ గ్రీ దగ్గర ఆ గోడ లేదు, అలలు నేరుగా రాళ్ల మీద విరుచుకుపడతాయి. ఈతకి దిగకూడదు, చూడాలంతే.

చివరి రాత్రులకి ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వదిలి మాయెబూర్ అనే ఊరికి మారాం, ఎంత మంచి పని చేశామో. విమానాశ్రయం దగ్గర, బ్లూ బే దగ్గర, సోమవారం సంత. ఇంటి మేడమీద గది, టిఫినుతో కలిపి రాత్రికి 2,200, ఏసీ రిమోట్ మంచం పక్కనే. ఇంటావిడ అత్తయ్యని వంటింట్లోకి రానిచ్చి, ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసి, వెనక్కి ఒక అడుగు వేసి, "ఇది కూరలోనే వేస్తారా?" అంది. ఆ పూట అందరం చారన్నం తిన్నాం, ఆవిడా తింది, రెండోసారి మాత్రం వడ్డించుకోలేదు.

వంటగది ఉందని బుక్ చేసేవాళ్లు వండనిస్తారా, ఏసీ కలిసే ఉందా, డిపాజిట్ ఎంత అనేవి రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి. వేడి పడనివాళ్లు మే నుంచి అక్టోబరులోపు వెళ్లండి, జనవరి నుంచి మార్చి దాకా తుపాన్లు ఎక్కువ. డిసెంబరులో వెళితే మాత్రం లిచీలు దొరుకుతాయి, రోడ్డు పక్కన గుత్తులుగా వేలాడదీసి అమ్ముతారు.

గంగా తలావ్ అని కొండల మీద చెరువుంది, గట్టున 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి లక్షల మంది కాలినడకన కావళ్లతో వస్తారు. అత్తయ్య ఇప్పుడు ఆ శివరాత్రికి టికెట్లు చూడమంటున్నారు. మా ఆయన వినపడనట్టు ఫ్యాన్ స్పీడు పెంచుకుంటున్నాడు.