సర్జన్ చేపల కోసం బరంపురం నుంచి: ఎక్కడ దిగాలి, ఎప్పుడు దిగాలి

తెల్లవారి గోపాల్‌పూర్ ఇసుక మీదికి ఫైబర్ బోట్లు ఎక్కే వేళకు వెళ్తే కవళ్లు, కానాగంతలు, చందువలు చూడొచ్చు. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు జాలరులే వాటిని వలల్లోంచి ఏరుతుంటారు, ఏది ఏమిటో తెలుగులోనే అడగొచ్చు. పగడపు దిబ్బల్లో తిరిగే, తోక దగ్గర కత్తిలాంటి ముల్లుండే సర్జన్ చేపను మాత్రం ఆ గుట్టల్లో ఆశించకండి. సర్జన్ చేపల్లోని అకాంథూరస్ ప్రజాతిలో ఎక్కువ రకాలు రాతికి, పగడానికి పట్టిన పలుచని నాచును చిన్న పళ్లతో గీక్కుని తింటాయి. గంజాం తీరం దాదాపు అంతా ఇసుక. పైగా ఋషికుల్య తెచ్చే మట్టినీళ్లు. నాచు పట్టడానికి గట్టి నేల లేదు, వెలుతురు దిగడానికి తేట నీళ్లు లేవు. రంభ వైపు చిలికాలో ఉప్పూ తక్కువే. కాబట్టి 15 కిలోమీటర్లే కదా అని గోపాల్‌పూర్‌కి స్నోర్కెల్ సామాను (నీటి మీద తేలుతూ కిందికి చూడ్డానికి వాడే మాస్కు, గాలి గొట్టం) మోసుకెళ్లడం వృథా. ఒడ్డుకు దగ్గరగా విరుచుకుపడే ఆ అలల్లో మామూలు స్నానమే ప్రమాదం.

తర్వాత దగ్గర విశాఖ. రైల్లో నాలుగైదు గంటలు. రుషికొండ, మంగమారిపేట వైపు నీటి అడుగున రాళ్లున్నాయి, స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుక్కి దిగడం) నేర్పేవాళ్లున్నారు. గోపాల్‌పూర్ కంటే అవకాశం మెరుగే, కానీ అది పగడపు దిబ్బ కాదు. నీళ్లు మసకగా ఉన్న రోజున చేయి చాపితే చేయే కనబడదు. రుసుము కట్టే ముందు ఆ ఉదయం ఎన్ని మీటర్ల దూరం కనబడుతోందో అడగండి. ఐదు లోపు అంటే మరో రోజు చూసుకోవడమే మంచిది. శ్వాస అలవాటు చేసుకోవడానికి విశాఖ చాలు. గుంపులుగా మేసే సర్జన్ చేపల్ని చూడాలంటే అండమాన్ వెళ్లాలి.

బరంపురం నుంచి దారి రెండు రకాలు. భువనేశ్వర్ వెళ్లి కోల్‌కతా మీదుగా గాని, రాత్రి రైల్లో చెన్నై చేరి గాని విమానం పట్టుకోవచ్చు. ఏ వైపు నుంచైనా చివరి విమానం రెండు గంటలు పైచిలుకే. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, సుమారు రెండున్నర రోజులు పడుతుంది. అయితే ఓడలు అరుదు, తేదీలు జరుగుతుంటాయి. సెలవులు లెక్కపెట్టుకుని బయల్దేరేవాళ్లు దాని మీద ఆధారపడకూడదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తాయి. అక్కడ శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది, బజారులో భాష ఇబ్బంది ఉండదు.

సంక్రాంతి నుంచి మార్చి చివరి దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. పిల్లల వేసవి సెలవులని మే నెలాఖరుకు టికెట్లు తీయకండి. నైరుతి ఋతుపవనాలు ముందు తగిలేది ఆ దీవులకే. దసరాకి కూడా వానలు పూర్తిగా తగ్గవు.

బస ఎక్కడ అంటే, చేపల కోసమే అయితే షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) మా మొదటి ఎంపిక. జెట్టీకి దగ్గర్లోనే భరత్‌పూర్ బీచ్, దాని ముందే దిబ్బ. ఆ వైపు గది తీసుకుంటే పోటు వేళ చూసుకుని నడిచి వెళ్లొచ్చు, ఆటో కోసం వెతుక్కోనక్కర్లేదు. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సహజ రాతి వంతెన దగ్గర, నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు మిగిలే మడుగుల్లో, దిగకుండానే పిల్ల చేపల్ని వెతకొచ్చు. తెల్లటి ఒంటి మీద ఐదారు నల్లటి నిలువు గీతలుంటే అది ట్రయోస్టెగస్ అనే సర్జన్ చేప.

స్వరాజ్ ద్వీప్ (హావ్‌లాక్)లో స్కూబా సంస్థలు, హోటళ్లు ఎక్కువ. ఐదో నంబరు బీచ్ గదులు చూడ్డానికి బాగుంటాయి గాని పాటు వేళ నీళ్లు చాలా దూరం పోతాయి. గది ముందే ఈత అనుకుంటే నిరాశే. ఎలిఫెంట్ బీచ్‌కి జెట్టీ నుంచి బోటులో అరగంట లోపే. మొదటి బోటుకే వెళ్లాలి. పది దాటితే జనం కాళ్లతో లేపిన ఇసుకకు నీళ్లు పాలలా అవుతాయి. శ్రీ విజయపురం దగ్గరి వండూర్ నుంచి వెళ్లే జాలీ బాయ్ దీవిలో దిబ్బ రక్షణ బాగుంది, ప్లాస్టిక్ సీసాలు, సంచులు రానివ్వరు. కానీ అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, సోమవారం సెలవు, వానల కాలంలో దాన్ని మూసి రెడ్ స్కిన్ దీవికి పంపుతారు. దొరికే సమయం కూడా కొద్దిసేపే.

అమావాస్య, పౌర్ణమి చుట్టూ ఆటుపోట్ల తేడా పెద్దది. పాటులో పగడం బయటపడుతుంది, కాళ్లు కోసుకుంటాయి. అష్టమి దగ్గరి రోజులు నెమ్మది. ఏ రోజైనా పోటు పొడుస్తున్న గంటా రెండు గంటలే మేలు.

స్నోర్కెలింగ్ టికెట్‌లో గైడు ఒక రింగు పట్టుకుని మనిషిని లాక్కుపోతాడు. లోతైన చోట రంగు చేపలు చూపించి పది, పదిహేను నిమిషాల్లో తిప్పేస్తాడు. అకాంథూరస్ ఎక్కువగా ఉండేది అలలు విరిగే, లోతు తక్కువైన దిబ్బ అంచులో, మనిషి లోతు నీళ్లలో. అందుకే డబ్బు ఇచ్చే ముందే అడగండి: ఎన్ని నిమిషాలు, ఒక గైడుకి ఎంతమంది, అంచు దగ్గర ఆపుతాడా. రొట్టె ముక్కలు వేసి చేపల్ని పిలిచే గైడును వద్దనండి. రొట్టెకు మూగేవి వేరే చేపలు, నాచు మేసేవి చెదిరిపోతాయి.

మాస్కు సరిపోయిందో లేదో తెలియాలంటే పట్టీ వేయకుండా ముఖానికి ఆన్చి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా ఊడకపోతే సరిపోయినట్టే. మీసం ఒత్తుగా ఉంటే పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, కొంచెం వాసెలిన్ రాస్తే తగ్గుతుంది. అద్దం మంచుపట్టకుండా ఉమ్మి రాసి కడిగితే చాలు. కొత్త మాస్కు అయితే టూత్‌పేస్టుతో రెండు మూడు సార్లు రుద్దాలి, లేకపోతే తయారీలో మిగిలిన పొర వల్ల ఏం చేసినా మసక పోదు. ఇంట్లో బకెట్ నీళ్లలో ముఖం పెట్టి నోటితో గాలి పీల్చడం నాలుగు రోజులు అలవాటు చేసుకుంటే అక్కడ తొలి పది నిమిషాలు కంగారులో పోవు.

నీలం, పసుపు అడ్డ చారలతో అల విరిగే చోటే ఒంటరిగా కాపలా తిరిగేది లీనియేటస్ అనే సర్జన్ చేప. తన మేత స్థలంలోకి ఏ చేప వచ్చినా తరుముతుంది. నల్లటి ముఖం, తెల్లటి గొంతు, లేత నీలం ఒళ్లు, పసుపు వీపు రెక్క ఉంటే ల్యూకోస్టెర్నాన్ అనే మరో రకం. చూసినవాళ్లు మరవలేని అందం దానిది. కొమ్ము చేపలైన నాసో వీటి బంధువులే, వాటి తోక కత్తులు ముడుచుకోవు. అకాంథూరస్‌కి తోక మొదట్లో రెండు వైపులా ఒక్కో ముల్లు, జేబు కత్తిలా గాడిలో మడిచి ఉంటుంది. తోక విసిరినప్పుడు తెరుచుకుంటుంది. ఆ కత్తి వల్లే సర్జన్ అనే పేరు. 2010లో సముద్రపు నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబోయాయి. చచ్చిన పగడం మీద నాచు పెరిగిపోతే కొత్త పగడం పిల్లలు అతుక్కోలేవు. ఆ నాచును మేసి చోటు ఖాళీ చేసేది ఈ చేపలే. కాబట్టి బూడిదరంగు దిబ్బ చూసి ఇక్కడేం లేదని తిరిగి రాకండి.

వెంటబడి మూలకు తోయకపోతే అవి కరవవు, కోయవు. ముల్లు తగిలితే రక్తం ఆపి, శుభ్రంగా కడిగి, చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లలో అరగంట పైన ఉంచాలి, లీనియేటస్ ముల్లుకు విషం కూడా ఉంటుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ మరవొద్దు.

స్కూబా చేస్తే తిరుగు విమానానికి ముందు ఒక్కసారి దిగినవాళ్లు 12 గంటలు, ఎక్కువసార్లు దిగినవాళ్లు 18 గంటలు ఆగాలి. అందుకని దిగడాలన్నీ ముందు పెట్టుకుని, చివరి రోజు శ్రీ విజయపురంలో ఊరు చూడ్డానికి ఉంచుకోండి. ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్కైనా సంచిలో వేయకండి. పగడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, విమానాశ్రయంలో సంచులు చూస్తారు.