మన డబ్బా, వాళ్ళ నీమాస్త్రం

నరసన్నపేట నుంచి మా ఊరొచ్చే దారిలో, రేషన్ డిపో పక్కన రేకుల షెడ్డులో ఉంది ఈ ఎన్పీఎం షాపు. పురుగుమందులు లేకుండా పురుగుని అదుపు చేసే సరుకు అమ్ముతారు. డ్వాక్రా సంఘం అక్క ఒకావిడ నడుపుతోంది. బోర్డు వెలిసిపోయింది, దాని కోసం వెతక్కండి. పేడ వాసన తగిలితే వచ్చేసినట్టే.

నాకు 20 సెంట్ల వంగతోట ఉంది. మొన్న కార్తీకంలో ఆకుల అంచులు పసుపురంగుకి తిరిగి పైకి ముడుచుకుపోయాయి. అంతకుముందు ఏడాదీ ఇదే గొడవ. అప్పుడు టౌన్లో ఒక మందుల కొట్టుకి వెళ్ళి "వంగకి పురుగు పట్టింది" అన్నానో లేదో, మోనోక్రోటోఫాస్ డబ్బా చేతిలో పెట్టి చిల్లర లెక్కపెట్టేశాడు. డబ్బా మీద ఎర్ర రంగు గుర్తు, అంటే బాగా విషమని. కూరగాయల మీద అది కొట్టకూడదని 2005లోనే నిషేధించారట, నాకు తెలిసేసరికి రెండు కోతలు సంతకి పోయాయి. కొన్ని మా ఇంట్లోనే గుత్తివంకాయ కూర అయ్యాయి. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

ఇక్కడ అక్క ముందు ఆకు చూపించమంది. నేను తీసుకెళ్ళలేదు. "ఆకు సూడకుండా ఏటి ఇమ్మంటావు తమ్ముడూ? ఎల్లి పట్టుకురా" అంది. మూడు కిలోమీటర్లు వెనక్కి తొక్కాను. చిరాకేసిన మాట నిజం. తెచ్చాక ఆకుని తిరగేసి, వెలుతురుకి పట్టి, ఈనె పక్కన గోరుతో చూపించింది. నూకగింజ కంటే చిన్నది, లేతాకుపచ్చగా, పీతలా పక్కకి నడుస్తోంది. పచ్చదోమ. రసం పీల్చే రకం కాబట్టి నీమాస్త్రం, అదే వేపాకు మందు, చాలంది.

తయారీ దాచుకోదు. ఎకరానికి 100 లీటర్ల నీళ్ళు, నూరిన వేపాకు 5 కిలోలు, ఆవు మూత్రం 5 లీటర్లు, కాస్త పేడ. నీడలో ఊరబెట్టి, కర్రతో కలుపుతూ, తర్వాత వడగట్టడమే. ఆవున్నవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు, కొనక్కర్లేదని తనే చెప్పింది. ఇలా చెబితే వ్యాపారం ఎలా సాగుతుందో నాకర్థం కాలేదు. మాకు ఆవు లేదు, కొన్నాను. 20 లీటర్లకి 120 రూపాయలు.

సీసాల్లో పోసి అమ్మరు. డబ్బా మనమే తెచ్చుకోవాలి. నేను పాత నూనె క్యాను పట్టుకెళ్ళాను, మూత వదులు. ఆటోలో లీటరుదాకా ఒలికింది. ఆ డ్రైవరు ఇప్పుడు నన్ను చూస్తే ఆపడు. పోనీలే, మా కాలవ గట్టు మీద ఖాళీ మందు డబ్బాలు ఏరితే సగం గోనెసంచి నిండింది, ఈ ఏడాది వాటిలో నావి ఒక్కటీ చేరలేదు.

ఎండకి వేప పవరు తగ్గిపోతుందని సాయంత్రమే కొట్టమంది. కొట్టాను. రెండ్రోజులైనా దోమ అలాగే ఉంది. టెన్షన్‌తో ఫోన్ చేస్తే, "ఎండ్రిన్ కొట్టినావేటి, ఎంటనే రాలిపోడానికి? వారం ఆగి ఇంకోసారి కొట్టు" అని పెట్టేసింది. రెండోసారి కొట్టాక వచ్చిన కొత్తాకులు ముడుచుకోలేదు. మొక్కల మధ్య సాలెగూళ్ళు కూడా కనబడ్డాయి, మందు కొట్టిన ఏడాది ఒక్కటీ చూడలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వడగట్టడం సరిగ్గా లేదు. స్ప్రేయరు నాజిల్ రెండుసార్లు పూడుకుపోతే మా ఆవిడ పిన్నీసు అడిగి పొడుచుకున్నాను. కొట్టిన రాత్రే వాన పడితే 120 రూపాయలూ నీళ్ళపాలే. కాయతొలుచు పురుగు లోపలికి దూరాక ఈ నీమాస్త్రం ఏమీ చేయలేదు. ఆ మాట అక్కే ముందు చెప్పింది, వాడిన కొమ్మల చివర్లు తుంచి కాల్చేయమంది. దానికి కావాల్సిన లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేవి) మాత్రం తన దగ్గర ఉండవు. నాలుగు బుట్టల కోసం నేను శ్రీకాకుళం దాకా వెళ్ళాల్సి వచ్చింది. అవైనా తెచ్చి పెడితే బాగుండు.

వెళ్ళేవాళ్ళు పొద్దున్న పదిలోపు వెళ్ళండి, తర్వాత ఆవిడ తన చేలో ఉంటుంది. మూత బిగువుగా ఉన్న డబ్బా తీసుకెళ్ళండి. ఆకులు ఓ నాలుగు, లేతవీ ముదురువీ కలిపి.