ఖొదొవ్యెత్స్కీ గుర్రం మీద వెళ్లిన దారి: బెర్లిన్, గ్దాన్స్క్

బెర్లిన్ వెళ్లిన మనవాళ్లు బ్రాండెన్‌బుర్గ్ గేటు, బెర్లిన్ గోడలో మిగిలిన ముక్కలు, పోట్స్‌డామ్‌లో సాన్సూసీ రాజమందిరం చూసి తిరిగొస్తారు. అవన్నీ చూడదగ్గవే. కానీ 18వ శతాబ్దంలో ఆ ఊరి మామూలు కుటుంబం ఎలా బతికిందో రాజుల మందిరాల్లో కనిపించదు. అందుకోసం పోట్స్‌డామర్ ప్లాట్స్ నుంచి కొద్ది దూరం నడిచి కుల్టుర్‌ఫోరుమ్‌లోని కుప్ఫర్‌ష్టిష్‌కాబినెట్‌కి వెళ్లండి. అది ముద్రణ చిత్రాల, రేఖాచిత్రాల మ్యూజియం. 5 లక్షలకు పైగా ముద్రణ చిత్రాలున్నాయి. వెలుతురికి కాగితం పాడవుతుంది కాబట్టి అవి గోడల మీద శాశ్వతంగా వేలాడవు. కావలసినవి ఏవో ముందే రాసి పంపితే, చదువుకునే గదిలో బల్ల మీద పెట్టి చూపిస్తారు. సంచి లాకర్‌లో పెట్టాలి, రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే. అక్కడి సిబ్బంది ఓపిక నాకు ఎంతో నచ్చింది. చిత్రకళ చదువుకోని వాళ్లకీ అంతే మర్యాద.

నేను అడిగింది 18వ శతాబ్దపు బెర్లిన్ చిత్రకారుడు డానియెల్ ఖొదొవ్యెత్స్కీ 1771లో చేసిన ఎచింగ్, 'చిత్రకారుడి గది'. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి, దాన్ని సూదితో గీసి, గీతల్ని ఆమ్లంతో కొరికిస్తారు. ఆ గీతల్లో సిరా నింపి తడి కాగితం మీద ఒత్తుతారు. రేకు అంచు కాగితంలో దిగిన గుర్తు దగ్గరి నుంచి చూస్తే కనిపిస్తుంది, ఫోన్ తెరమీద అది తెలియదు. చిత్రంలో ఆయన భార్య, పిల్లలు బల్ల చుట్టూ ఉన్నారు. గోడల నిండా బొమ్మలు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని వాళ్లనే గీస్తున్నాడు. దీన్ని దూరాన ఉన్న తన తల్లికి అంకితమిచ్చాడు. ఆవిడ ఉన్న ఊరు డాన్‌జిగ్, నేటి పోలండ్‌లోని గ్దాన్స్క్. కొడుకు అక్కడ 1726లో పుట్టాడు, 1743లో బెర్లిన్ వచ్చాడు. మనవల ముఖాలు ఆ అమ్మకి ఇలా అందాయి. ఫోటోలు లేని కాలంలో ఇంతకంటే ఏం కావాలి!

రెండేళ్లకి ఆయనే బయల్దేరాడు. 1773 జూన్ 3న బెర్లిన్‌లో గుర్రమెక్కి, పొమరేనియా ప్రాంతం మీదుగా 11న గ్దాన్స్క్ చేరాడు. దారిలో సత్రాలు, పడవలు, బురద, ఊళ్లో తల్లినీ చుట్టాలనూ కలవడం అన్నీ గీసుకున్నాడు. అవి వందకు పైగా ఉన్నాయి, బెర్లిన్ కళా అకాడమీ దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నేరుగా వెళ్లే రైల్లో దాదాపు ఆరు గంటలు. సీటు ముందే రిజర్వు చేసుకోండి. గ్దాన్స్క్‌లో యూరో కాదు, జ్లోటీ. పాత ఊరు 1945లో చాలా మట్టుకు ధ్వంసమైంది, మళ్లీ కట్టారు. అయినా మరియాత్స్కా వీధిలో ఇళ్ల ముందు రాతి అరుగులు చూడగానే మనసు నిండింది. ఖొదొవ్యెత్స్కీ గీసిన ఇళ్ల ముందు అలాంటి అరుగులే. మన ఊళ్లలో వీధి అరుగుల మీద పెద్దవాళ్లు కూర్చున్నట్టే అక్కడా కూర్చునేవారు.

బసకి పాత ఊరి నడిబొడ్డున తీసుకున్న గది అందంగా ఉంది కానీ రాత్రి హోటళ్ల రొద మానలేదు, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లతో వెళ్తే స్టేషన్ వైపు తీసుకోండి, నడక కొంచెమే పెరుగుతుంది. శాకాహారులకి బంగాళాదుంప, పన్నీరు లాంటి జున్ను నింపిన పియెరోగీ అనే కుడుములు చాలు. 'మిల్క్ బార్' అనే సాదా క్యాంటీన్లలో చవకగా దొరుకుతాయి.

బెర్లిన్‌లో ఒక పూట మిగిలితే 50 నంబర్ ట్రామ్ ఎక్కి ఫ్రాన్సోసిష్ బుఖ్‌హోల్ట్స్ వెళ్లొచ్చు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లు స్థిరపడిన పల్లె అది. ఖొదొవ్యెత్స్కీ భార్య కుటుంబమూ అలా వలస వచ్చినవాళ్లదే. ఆ ఊరి విహారయాత్ర మీద 1775లో ఆయన ఒక ఎచింగ్ చేశాడు. ఈరోజు అది నగర శివారు, చూడటానికి పెద్దగా ఏమీ లేదు. సమయం తక్కువైతే దాన్ని వదిలేసి, ఆ పూట కూడా చదువుకునే గదికే ఇవ్వండి.