నిమ్మలకుంట: మేకతోలు వెనక దీపం

ధర్మవరం అంటే పట్టుచీరలే కదా, మా ఆవిడ బయల్దేరిందీ అందుకే. అక్కడికి దగ్గర్లోనే తోలుబొమ్మల ఊరు ఉందన్న సంగతి నేను బెంగళూరులో రైలెక్కాక గానీ బయటపెట్టలేదు.

స్టేషన్ దగ్గరి లాడ్జిలో రాత్రి గడిచిందంతే. ఫోన్‌లో వేణ్ణీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ అన్నారు, పొద్దున ఇద్దరికీ కలిపి ఒక్క బకెట్టు. దుప్పటి మార్చమంటే "నిన్ననే వేసినాం సార్" అని జవాబు. ఎదురు బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాక కోపం కాస్త దిగింది.

నిమ్మలకుంటకు ఆటో రానూపోనూ మాట్లాడుకోండి, అక్కడ ఆగే రెండు గంటలూ బేరంలోనే కలపండి. ఊళ్ళో తిరుగు ఆటో దొరకదు.

కళాకారుల ఇళ్ళలో మాట్లాడుకునేది మరాఠీ యాస, మనతో తెలుగు. మేం కూర్చున్న వసారాలో ఒక పెద్దాయన చెక్క మీద తోలు పరిచి, చిన్న ఉలితో సీత చీర అంచుకు చిల్లులు పొడుస్తున్నాడు. సుత్తి దెబ్బ ఒకటే లయ, ఉలి మాత్రం ప్రతి దెబ్బకీ కాస్త తిరుగుతోంది. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టి ఆరబెడితే పలకలా బిగుసుకుంటుందట. సీత బొమ్మ చేతికిచ్చినప్పుడు గోధుమరంగు అట్టలా ఉంది. "ఎండకు ఎత్తిపట్టు సామీ" అన్నాడాయన. ఎత్తితే ఎరుపు, పచ్చ వెలిగాయి, ఆ చిల్లులన్నీ నగలైపోయాయి!

పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ప్రస్తావన ఉన్న ఆట ఇది. ఇప్పుడు ఊళ్ళో ఎక్కువగా అమ్ముడయ్యేవి లాంప్‌షేడ్లు, గోడ బొమ్మలు. నాకు మొదట చివుక్కుమంది కానీ, రాత్రంతా తెర ముందు కూర్చునే జనం లేనప్పుడు ఉలి ఆగకుండా చూస్తున్నవి ఆ దీపాలే. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. వెళ్ళినవాళ్ళు కొని వచ్చేయకుండా పాత ఆట బొమ్మలు చూపించమని అడగండి. మాకు ఆటలో నవ్వించే జంట కేతిగాడు, బంగారక్క పెట్టెలోంచి బయటికొచ్చారు. కేతిగాడి చెయ్యి కీలు దగ్గర దారం మార్చి మార్చి ముడి గట్టిపడిపోయింది.

తిరుగు దారిలో హిందూపురంలో దిగి లేపాక్షి చూడటం మంచి పని. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చే క్యూలో ఉంటారు, మీరు తల పైకెత్తండి. 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలవి. పక్కకు తిరిగిన ముఖాలు, పెద్ద కళ్ళు, చీరల గళ్ళు, పొద్దున వసారాలో చూసినవే. అందుకే ముందు నిమ్మలకుంట, తర్వాత లేపాక్షి అంటాను. గుడి చుట్టుపక్కల దుకాణాల్లో కూడా తోలు దీపాలు కనిపించాయి గానీ, చేసిన చేతికే డబ్బిచ్చిన తృప్తి వేరు.

చిన్న దీపం ఒకటి కొన్నాం. తోలుకు తడి తగలకూడదట, లోపల ఎల్‌ఈడీ బల్బే పెట్టాలట, వేడికి ముడుచుకుంటుందన్నారు. తిరుగు రైల్లో పట్టుచీర సంచి పైన అరలోకి పోయింది. దీపం మాత్రం బెంగళూరు దాకా మా ఆవిడ ఒళ్ళోనే ఉంది.